పెట్టె వెనక మైకు

మా ఆయన బుచ్చన్నకు దేన్నైనా వేలితో కొట్టి చూడనిదే నమ్మకం కుదరదు. పుచ్చకాయను అందరూ కొట్టి చూస్తారు, అది వింత కాదు. ఈయన గోడను కొడతాడు, తలుపును కొడతాడు, బస్సులో సీటును కొట్టి మరీ కూర్చుంటాడు. లాదీ పని చేసినవాడి అలవాటు అది. నేల మీద పలకలు పరిచాక తాపీ పిడితో ఒక్కొక్కదాన్నీ టకటక కొడుతూ పోవాలి. గట్టిగా పలికితే కింద మాలు నిండినట్టు, డొల్లగా పలికితే లోపల గాలి నిలిచినట్టు. డొల్ల పలకను ఊడబీకి మళ్ళీ వెయ్యాలి. వయసంతా ఆయనకు అదే పని.

పెళ్ళిచూపులకు ధారావిలో మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ వాళ్ళందరూ నా మొహం చూస్తుంటే, ఈయన వీపు ఆనించిన గోడను వేలితో కొట్టి, ఇది డొల్లగా ఉంది మామా అన్నాడు. మా నాయన తన చేత్తో కట్టుకున్న గోడ అది. ఆయన మొహం మాడిపోయింది, సంబంధం తప్పిపోయేదే. ఆ ఏడు వానలకు ఆ గోడ కాస్తా కూలింది, పిల్లగాడికి పనితనం ఉందని మా నాయన తనే వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇప్పటికీ ఈయన మీద కోపం వచ్చినప్పుడు నేను ముందు ఆ గోడను తిట్టి, తర్వాత ఈయన దగ్గరికి వస్తాను.

మాది కామాటిపురాలో పాత చాల్, అంతస్తుకొక పొడుగు గ్యాలరీ, దాని వెంట ఒంటిగదుల వరస. తాతల కాలంలో పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళం. కామాటిపురా అనగానే మొహం అదోలా పెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కాపురం ఉండే ఇళ్ళకు గోడలెవరు లేపారో కాస్త కనుక్కోమనండి. సరే, ఆ మంట ఇప్పుడెందుకు. మా చాల్ కింది అంతస్తులో ఆంజనేయస్వామి గది ఉంది. ప్రతి శనివారం సాయంత్రం మా భజన మండలి అక్కడ కూర్చుంటుంది. పాడేది శాంతాబాయి, పేరు మరాఠీదే గాని నోరు అచ్చమైన పాలమూరు. డోలక్ వాయించేది మొగులయ్య, పగలంతా కట్టడం పనిలో సిమెంటు మోసి వచ్చి సాయంత్రం దాని మీద కసి తీర్చుకుంటాడు. తాళాలు నావి, అంటే ఈ పెంటమ్మవి. హార్మోనియం పెట్టె మా ఆయనది.

మండలికి ఉన్నది ఒక్కటే మైకు, అది శాంతాబాయి చేతిలో ఉంటుంది. ఆమెకు మైకు ఎందుకో ఆ స్వామికే తెలియాలి. ఆమె గ్యాలరీలో నిలబడి పాలవాణ్ణి పిలిస్తే పక్క పేట నాగ్‌పాడాలో ఎవరి పాలవాడో పలుకుతాడు. ఆ గొంతూ, ఆ డోలకూ, నా తాళాలూ కలిసి లేస్తే మధ్యలో పెట్టె ఒకటి ఉన్న సంగతి చూసినవాళ్ళకు తెలియాలి గాని విన్నవాళ్ళకు తెలియదు. శాంతాబాయికీ మొగులయ్యకూ మధ్యలో కూర్చుని ఆయన కళ్ళు మూసుకునేవాడు. కుడిచేతి వేళ్ళు మెట్ల మీద ఆడుతుండేవి, ఎడమ చెయ్యి తిత్తిని ఊపుతుండేది, పెదవులు కూడా సన్నగా కదులుతుండేవి. నామస్మరణ చేసుకుంటున్నాడని అందరం అనుకునేవాళ్ళం. పక్కనే ఆనుకుని కూర్చునే నేను కూడా అలాగే అనుకున్నాను, అంతటి అమాయకురాలిని.

వర్లిలో ప్రతి ఏడూ తెలుగు భజన మండలుల పోటీ జరుగుతుంది. ముందు పాట రికార్డు చేసి ఫోన్లో పంపాలి, నచ్చితేనే వేదిక మీదికి పిలుస్తారు. పోయిన ఏడు మమ్మల్ని పిలవలేదు. ఎందుకని అడిగితే గొంతు బాగుంది, వాద్యం వినబడలేదు అని జవాబు వచ్చింది. గొంతు బాగుంది అన్నంత వరకే శాంతాబాయి అందరికీ చదివి వినిపించింది. మిగతాది ఆమె కొడుకు శైలేష్ పట్టుకున్నాడు. వాడు నాగ్‌పాడాలో మొబైళ్ళు బాగుచేస్తాడు, మా మండలికి వాడే సెక్రెటరీ. ఈసారి తన దోస్తు తుషార్ కీబోర్డు తెస్తాడని, అందులో అన్ని వాద్యాలూ ఉంటాయని, కాకా ఇక ఆరామ్ చేసుకోవచ్చని చెప్పాడు. వాడికి తెలుగు శుభ్రంగా వచ్చు. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే మాత్రం హిందీలోకి దిగుతాడు, మర్యాదగా ఉంటుందని.

ఆ మాట విని మా ఆయన పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. పెట్టె మూత మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు, అది ఎప్పటిలాగే పలికింది.

"పెట్టెకు ఒక మైకు పెట్టుర్రి. అప్పటికీ ఇనబడకుంటే నేనే తీస్కపోయి అటక మీద పెడ్త. మల్ల దించ," అన్నాడు.

మోకాళ్ళు అరిగిపోయాక ఆయన లాదీ పని మానేశాడు. వారమంతా గ్యాలరీలో కుర్చీ వేసుకుని, కింద ఎవరి చెప్పులు ఎలా చప్పుడవుతున్నాయో వింటూ కూర్చుంటాడు. శనివారం వచ్చిందంటే మాత్రం నెత్తికి నూనె రాసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మళ్ళీ మనిషవుతాడు. ఆ శనివారం కూడా పోతే ఏం మిగులుతుంది ఆయనకు? ఏడు రోజులూ ఆ కుర్చీయే. ఆయన మీద ఎంత జాలేసిందో నా మీద నాకూ అంతే వేసింది. ఎందుకంటే ఆ కుర్చీ ఉండేది నా పొయ్యికి ఎదురుగా.

మైకు కొనడం ఎవరి వంతు అనేసరికి మండలి మొత్తం దేవుడి పటం వైపు చూసింది. నాకు ఒళ్ళు మండింది. నేను నాలుగిళ్ళలో వంట చేస్తాను, నా దగ్గర దాచుకున్నది ఉంది, నేనే కొంటాను, కానీ ఎక్కువ ధర చెబితే అక్కడే కూర్చుని ఏడుస్తాను అని ముందే చెప్పాను. ఆదివారం పొద్దున లామింగ్టన్ రోడ్డుకు బయల్దేరాం. శైలేష్ మోటారు సైకిలు మీద ముందే వెళ్ళాడు. మేం ట్యాక్సీలో వెళ్ళాం, ఎందుకంటే మా ఆయన పెట్టెను కూడా తెచ్చాడు. చెప్పుల దుకాణానికి పోతూ కాళ్ళు ఇంట్లో పెట్టి పోతామా అన్నాడు. ట్యాక్సీ ఎక్కేముందు దాని తలుపును కూడా కొట్టి చూశాడు, డ్రైవరు గుడ్లురిమాడు.

దుకాణం హితేష్ సేటుది. గుజరాతీ మనిషి, నిదానస్తుడు. పెట్టెతో దిగిన మమ్మల్ని చూసి, రిపేరు చెయ్యము అన్నాడు. శైలేష్ తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. రేడియో వాళ్ళ ముందు ఉంటుందే, లావుగా, రబ్బరు దారాల మధ్య ఊయలలో పడుకోబెట్టినట్టు, అలాంటి మైకు. స్టూడియోల్లో ఇదే వాడతారు, చీమ నడిచినా పట్టుకుంటుంది అన్నాడు. సేటు దాన్ని తెచ్చి, వైరు తగిలించి, పెద్ద చెవిగిన్నెలు మా ఆయన చెవులకు పెట్టాడు.

మా ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. తర్వాత పైన ఫ్యాను వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, నీకు జలుబు చేసిందా అని అడిగాడు. నేను లాక్కుని పెట్టుకున్నాను. ఓరి నాయనో, ఫ్యాను గిరగిరలు, రోడ్డు మీద హారన్లు, పక్క దుకాణంలో చాయ్ గ్లాసు కింద పెట్టడం, నా ముక్కులో నా ఊపిరి, అన్నీ లోపలే ఉన్నాయి. శైలేష్ మురిసిపోతున్నాడు. నాకు మాత్రం మా చాల్ కళ్ళ ముందు మెదిలింది. శనివారం సాయంత్రం కుక్కర్ల కూతలు, నీళ్ళ పంపు దగ్గర పోట్లాటలు, పై గదిలో సీరియల్లో కోడలి ఏడుపు. దీన్ని పెడితే వర్లి వాళ్ళకు భజన తప్ప అన్నీ వినిపిస్తాయి.

ఇది సున్నితమైన సరుకు, కింద పడెయ్యకూడదు, చెమ్మ తగలనివ్వకూడదు, దీనికి విడిగా కరెంటు అందించాలి అని సేటు చెబుతూ ఉండగానే మా ఆయన వేలు మడిచి కొట్టబోయాడు. సేటు దాన్ని చంటిపిల్లను లాక్కున్నట్టు గుండెకు హత్తుకున్నాడు.

"కొడ్తే ఓర్వనిది మా చాల్ల బతకది, సేటూ," అన్నాడు మా ఆయన.

అప్పుడు సేటు లోపల్నుంచి మామూలు మైకులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. వీటిని డైనమిక్ అంటారట. కరెంటు అడగవు, పాతకాలపు కోడళ్ళ మాదిరి అన్నిటికీ ఓరుస్తాయి అన్నాడు. నమ్మకం కుదరడానికి ఒకదాన్ని జానెడు ఎత్తు నుంచి బల్ల మీదికి వదిలేశాడు కూడా. మా ఆయన కళ్ళు వెలిగిపోయాయి. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. వరసలో ఉన్నవాటినన్నిటినీ టకటక కొడుతూ పోయాడు. ఒకటి చాలా చవక, మెరుపులు, పక్కన ఎర్రలైటు కూడా ఉంది, అది డొల్లగా పలికింది. చేతికి తీసుకుంటే బెండు మాదిరి తేలిపోయింది. శైలేష్‌కు నచ్చింది అదే. గుండు తల ఉన్నవి పాడేవాళ్ళకు, సన్నగా చదును తల ఉన్నది వాద్యాలకు అని సేటు విడమరిచాడు. చదును తలది నల్లగా, ఏ సోకూ లేకుండా ఉంది. కొడితే నిండుగా పలికింది.

దుకాణంలోనే కింద కూర్చుని పెట్టె వాయించాడు. రోడ్డు మీద జనం ఆగారు, ఎవరో భక్తితో చిల్లర కూడా వేశారు, నేను తీసి దాచాను. చెవిగిన్నెల్లో పెట్టె ఒక్కటే వినిపించింది, హారన్లు ఎక్కడో దూరంగా తప్పుకున్నాయి. ఈ రకం మైకు మూతి ముందు దగ్గరగా ఉన్నదాన్నే వింటుంది, పక్కన కొంప మునిగినా పట్టించుకోదు, వెనక సంగతి దానికి అసలే అక్కర్లేదు అని సేటు చెప్పాడు. అటువంటి ప్రాణితోనే నేను ఇన్నేళ్ళు కాపురం చేస్తున్నాను కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ధర కూడా నేను కూర్చుని ఏడ్చేంత లేదు. ఫోనుకు కలిపే చిన్న డబ్బా, వైరు, పొట్టి స్టాండు కూడా కొన్నాం.

బయల్దేరేటప్పుడు సేటు ఒక మాట చెప్పాడు. మైకును వాయించేవాడి వైపు పెట్టకండి, తిత్తి ఉన్న వైపు, గాలి తగలకుండా కాస్త పక్కగా, జానెడు దూరంలో పెట్టెలోకి వంచి పెట్టండి అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. ట్యాక్సీ కదిలాక అసలు మాట బయటపడింది.

"కొట్టిన కాడనే సప్పుడు లేస్తది. యేళ్ళు ఇటుంటే మైకు అటెందుకు పెడ్తరే? సేటు ఎన్నడన్న లాదీ ఏసిండా?"

వినకూడదని ఒట్టు పెట్టుకున్నవాడికి చెప్పి ఏం లాభం అని నేను ఊరుకున్నాను. అప్పుడే నోరు పెట్టుకుని ఆయన మీద పడాల్సింది.

మా వాళ్ళు కొత్త కుక్కరుకు కూడా బొట్టు పెట్టి గాని గ్యాసు మీద పెట్టరు, మైకును వదులుతారా? శనివారం శాంతాబాయి దాని తల జాలీ నిండా పసుపు పూసింది, కుంకుమ అద్దింది. మొగులయ్య కొబ్బరికాయ కొట్టి సగం నీళ్ళు దేవుడికీ సగం మైకుకీ చల్లాడు. సేటు గుండెకు హత్తుకున్న ఆ ఊయల మైకు అయితే అక్కడికక్కడే శివైక్యం చెందేది. ఇది మాత్రం తుడిచి పెడితే చాలు, ఏం జరగనట్టే నిలబడింది. మా ఆయన దాన్ని తన వైపుకు తిప్పుకుని, మెట్లకు ఆనించినంత దగ్గరగా, సరిగ్గా తన గడ్డం కింద నిలబెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం రికార్డింగ్. కాసేపు కుక్కర్లు ఆపమని శైలేష్ ప్రతి తలుపూ తట్టి చెప్పాడు, ఎవరూ ఆపలేదు. అయినా పాట ఏ ఆటంకం లేకుండా సాగింది. అయిపోయాక ఫోనును పెద్ద స్పీకరుకు కలిపి అందరం చుట్టూ కూర్చున్నాం. గ్యాలరీల నుంచి ఇంకొంతమంది దిగి వచ్చారు.

మొదట పెట్టె వినిపించింది. నేను అబద్ధం చెప్పను, నా తాళాల మోతలో ఇన్నేళ్ళూ నేను కూడా ఆయన వాయిద్యాన్ని వినలేదు. ఎక్కడా తొట్రుపాటు లేకుండా, శాంతాబాయి పాట కింద చెయ్యి పెట్టి నడిపించుకుపోతున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈయన్నా ఆరామ్ చేసుకోమన్నది అని శైలేష్ వైపు ఒక చూపు చూశాను. అప్పుడు పెట్టెతో పాటు ఇంకొకటి కూడా వినిపించడం మొదలైంది.

"ఎత్తుకో శాంతక్క, ఎత్తుకో... ఆడ ఆగు... ఆగమంటే ఉరుకుతది, నీళ్ళ పంపు కాడికి ఉరికినట్టు... ఇగో, ఇప్పుడు పైకి పో... ఒరే మొగులిగా, మెల్లగ, అది డోలకా, మీ అత్తగారింటి తలుపా... ఆఁ, గట్ల... పెంటీ, మల్ల సోయి తప్పింది నీకు, పప్పు నానబోసుడు యాదికొచ్చిందా ఏంది..."

అందరం మా ఆయన వైపు తిరిగాం. స్పీకరు మాత్రం ఆగలేదు. నామస్మరణ అనుకున్నది ఇదన్నమాట! ఇన్నేళ్ళూ స్వామి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, మమ్మల్ని వరసపెట్టి తిట్టుకుంటున్నాడు. అందరికంటే మా ఆయనే ఎక్కువ బిత్తరపోయాడు. ఇది నా గొంతు కాదు, ఎవరో నడుమ దూరారు అని స్పీకరును కొట్టి చూశాడు. ఆయనకు తాను మాట్లాడుతున్నట్టే తెలియదు. నాకు మరీ మండిపోయింది ఎందుకంటే ఆ తాళం జారిన చోట నేను నిజంగానే పెసరపప్పు సంగతి ఆలోచిస్తున్నాను.

నా పాట నీళ్ళ పంపు అయ్యిందా అని శాంతాబాయి కొంగు బిగించి లేచి పోయింది. మొగులయ్య లేవలేదు గాని, అత్తగారి ఇంటి తలుపు సంగతి నీకెవరు చెప్పారు అని మా ఆయన్ను నిలదీశాడు. శైలేష్ నెత్తి పట్టుకున్నాడు. పాట పంపడానికి ఇంకో వారమే గడువు, తుషార్‌ను పిలవడం తప్ప దారి లేదన్నాడు. పెట్టె వినబడిందా లేదా, ఆ మాట చెప్పు ముందు అని నేను అడ్డం పడ్డాను. వినబడింది అని ఒప్పుకున్నాడు. అయితే వచ్చే ఆదివారం ఇంకోసారి, ఈయన నోరు మూయించే పూచీ నాది అన్నాను. శాంతాబాయిని బతిమాలి తీసుకురావడానికి వారమంతా పట్టింది, నా చేతి పులుసు చెంబులకు చెంబులు ఖర్చయింది.

ఆదివారం ఆయన నోట్లో నీళ్ళు పోశాను. మింగావంటే చంపేస్తానని చెప్పాను. బుగ్గలు ఉబ్బించుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. పాట మొదలైంది. పల్లవి బాగానే గడిచింది. చరణం దగ్గర శాంతాబాయి ఒక ఊపిరి ముందే ఎత్తుకుంది. మొగులయ్య డోలకు ఎక్కడికో పరుగు తీసింది. నేను ఎవరి వెంట పోవాలో తెలియక ఇద్దరికీ మధ్యలో తాళం వేశాను. మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి పల్లవి దగ్గరే విరిగింది. ఇంకోసారి అయితే శాంతాబాయి రాముడి పాటలో సగం నుంచి మంగళహారతిలోకి దిగిపోయింది. అలవాటైన పాట, కళ్ళు మూసుకుని పాడే పాట, అందరం పరాయి ఇంట్లో చీకట్లో తిరిగినట్టు తిరిగాం.

శైలేష్ ఇక ఆగలేక తుషార్‌ను పిలిచాడు. తుషార్ కీబోర్డు చక్కగానే వాయించాడు, పాపం అతని తప్పేమీ లేదు. మా ఆయన గోడ వారన కూర్చున్నాడు, నీళ్ళు ఇంకా నోట్లోనే ఉన్నాయి, మింగమని చెప్పడం నేనే మరిచిపోయాను. కీబోర్డుతోనూ పాట రెండో చరణం దాటలేదు. శాంతాబాయి మైకు కింద పెట్టేసింది. గోడ వారనున్న మా ఆయన వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు పక్కన గుయ్యిమంటుంటే అది పెట్టె సప్పుడే అనుకున్న. బుచ్చన్నా, వచ్చి తిట్టు. నువ్వు తిట్టకుంటే నాకు పాట యాదికొస్తలేదు."

మా ఆయన నీళ్ళు గుటుక్కున మింగాడు. ఎవరికీ నవ్వు రాలేదు. మాకు తెలియకుండానే మేమందరం ఆ గొణుగుడు పట్టుకునే నడుస్తున్నామని అందరికీ ఒక్కసారే అర్థమైంది. మొగులయ్య లేచి వెళ్ళి పెట్టెను తనే తెచ్చి మధ్యలో పెట్టాడు.

మైకు సంగతి నేను చూసుకున్నాను. ఆయన ఒప్పుకోవడానికి ఎదురు చూడకుండా, సేటు చెప్పినట్టు తిత్తి వైపు పక్కగా పెట్టి, మూతి పెట్టెలోకి వంచాను. అటు పెడితే ఏముంటది అని ఆయన గొణిగాడు. ఆ గొణుగుడు అందులో పడదు, అదే ఉంటుంది అన్నాను. ఈసారి పాట ఎక్కడా ఆగలేదు. స్పీకరులో పెట్టె నిండుగా వినిపించింది, తిట్లు మా నలుగురి మధ్యే ఉండిపోయాయి. శైలేష్ పంపించాడు. వర్లి నుంచి పిలుపు వచ్చింది.

వర్లిలో పెద్ద హాలు, నిండా జనం. వేదిక మీద ఎవరి మైకు వాళ్ళకుంది, మా నల్ల మైకు పెట్టె వెనక వంగి కూర్చుంది. అంతా బాగానే ఉందనుకున్నాను. అప్పుడు మా ఆయన మొహం చూశాను. ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, పెదవులు బిగించుకుని, పెళ్ళి ఫోటోలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇన్నేళ్ళకు పదిమందీ తన పెట్టె వినబోతున్నారని మర్యాద పుట్టుకొచ్చింది మనిషికి. దానికి తోడు శైలేష్, ఇక్కడ మైకులు పెద్దవి కాకా, నోరు జాగ్రత్త అని దిగేముందే భయపెట్టాడట.

పల్లవి గడిచింది. పెట్టె హాలంతా పలికింది, ముందు వరసలో ఎవరో తలూపారు కూడా. శాంతాబాయి మొదటి చరణం చివరికి వచ్చి మా ఆయన వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, పరాయి ఇంట్లో చీకట్లో తిరిగేవాళ్ళ చూపు అది. ఆయన పెదవులు అతికించినట్టే ఉన్నాయి. మొగులయ్య చెయ్యి అప్పటికే తొందరపడుతోంది. ఇంకొక్క ఊపిరిలో అంతా కుప్పకూలుతుంది, ఇంటికి పోయాక ఆ పెట్టె అటకెక్కుతుంది, ఆయన మాట అన్నాడంటే దించడు. నాకు ఇంకేమీ తోచలేదు.

తాళం తప్పించాను. కొద్దిగా కాదు, చంటిపిల్ల గిన్నెలు కొట్టినట్టు, పాటకు సంబంధం లేని చోట ఠంగుమని కొట్టాను. ముందు వరసలో వాళ్ళు ఉలిక్కిపడ్డారు. మా ఆయన మెడ గిర్రున తిరిగింది.

"పెంటీ! ఏందది, ఇంట్ల పప్పు మాడ్తున్నదా?"

అంతే, బిరడా ఊడింది. "శాంతక్క, దాన్ని ఇడిసిపెట్టు, నువ్వు పైకెత్తు... ఆఁ... మొగులిగా, వర్లి బస్సు తప్పిపోదురా, మెల్లగ..." అని మొదలుపెట్టాడు, ఇక ఆపలేదు. శాంతాబాయి గొంతు లేచింది, డోలకు దారికొచ్చింది, నేను కూడా బుద్ధిగా తాళంలోకి వచ్చాను. హాలు వాళ్ళు పెట్టె విన్నారు, మేం తిట్లు విన్నాం. అంత బాగా మా మండలి ఎన్నడూ పాడలేదు.

రెండో బహుమతి వచ్చింది. పెట్టె వాయించినాయన చెయ్యి చాలా నిదానమైనది అని నిర్ణేతల్లో ఒకాయన మైకులోనే చెప్పాడు. మా ఆయన ఆ మాటను చాల్‌లో గ్యాలరీ గ్యాలరీకీ తిరిగి చెప్పుకున్నాడు. దానికి వెంటనే ఇంకో మాట కూడా తగిలించేవాడు. మొదటిదే రావాల్సింది, మా పెంటమ్మ నడుమ తాళం తప్పింది, ఏం చేస్తాం, ఆడమనిషి, పొయ్యి మీద ధ్యాస. నేను ఉల్లిగడ్డలు కోస్తూ వింటూ ఉండేదాన్ని. కత్తి చేతిలో ఉన్నా ఓర్చుకున్నాను.

తర్వాతి శనివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భజనకు దిగేముందు ఆయన నా తాళాలు తీసి చూశాడు. ఎక్కడైనా బీట పడిందేమోనని రెంటినీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇవి మంచిగనే ఉన్నయి. తప్పు నీదే," అన్నాడు.

ఔను, నాదే అన్నాను.